అల్యూమినాలో వెలుగు – మన చదువులో వెలితి

ఒకే వస్తువును ఇద్దరు అధ్యాపకులు రెండు వేర్వేరు గదులలో బోధిస్తూ ఉండగా, ఆ రెండు పాఠాలూ ఒకే వస్తువును గురించినవని తెలియకుండానే విద్యార్థి మూడు సంవత్సరాలు గడిపివేయడం మన కళాశాలలలో సర్వసాధారణం. అల్యూమినియం ఆక్సైడ్ అట్టి వస్తువు. రసాయనశాస్త్ర తరగతిలో అది ఒక సమీకరణం. బాక్సైటు శుద్ధిలో మధ్యన వచ్చి పోయే తెల్లని పొడి. భౌతికశాస్త్ర తరగతిలో వక్రీభవనం, ధ్రువణం, లేజర్ అనే అధ్యాయాలలో ఆ పదార్థమే వేరే పేర్లతో తొంగిచూస్తుంది. ఈ రెండింటినీ ఒకచోట చేర్చి చూచిన విద్యార్థికి కలిగే ఆనందమూ ప్రయోజనమూ ఎట్టివో ఈ సంచికా ముఖంగా మనవి చేయదలచాము. ఆ కలయికకు మన కళాశాలలో చోటు కల్పించవలసిందని విద్యార్థినీ విద్యార్థులనూ, పాలకవర్గం వారినీ కోరడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ముందుగా వస్తువును పరిచయం చేసుకుందాం. రెండు అల్యూమినియం పరమాణువులకు మూడు ఆక్సిజన్ పరమాణువుల చొప్పున కలిసి ఏర్పడిన సమ్మేళనమే అల్యూమినియం ఆక్సైడ్. వాడుకలో దీనిని అల్యూమినా అంటారు. ఎర్రని బాక్సైటు మన్నును వేడి క్షారద్రావణంలో కరిగించి, కరగని ఇనుప మలినాలను వడకట్టి, ఈ తెల్లని పొడిని రాబట్టే పద్ధతిని కార్ల్ జోసెఫ్ బాయర్ 1888లో కనుగొన్నాడు. ఈనాటికీ ప్రపంచంలో ప్రధానంగా ఆ పద్ధతే నడుస్తున్నది. మనకు పొరుగునే, ఒడిశా రాష్ట్రంలోని కొరాపుట్ జిల్లా దామన్‌జోడిలో, నేషనల్ అల్యూమినియం కంపెనీ వారి శుద్ధి కర్మాగారం ఉన్నది. అక్కడ తయారైన అల్యూమినా విశాఖపట్టణం రేవు మీదుగా విదేశాలకు సైతం వెళుతుంది. చేతిలోకి తీసుకొని చూస్తే అది ముగ్గుపిండిలా తెల్లగా ఉంటుంది. దాని గుండా కాంతి పోగలదని ఎవరికీ తోచదు.

ఆ సమ్మేళనమే భూగర్భంలో స్ఫటికంగా రూపొందితే దానిని కురువిందం అంటారు. ఇంగ్లీషు వారి కోరండం అనే మాట తమిళంలోని కురుందం నుంచి వెళ్లినదే. కాఠిన్యాన్ని కొలిచే మోహ్స్ కొలమానంలో వజ్రానికి 10 అయితే దీనికి 9. సుమారు 2,050 డిగ్రీల సెంటీగ్రేడు వేడికి గాని కరగదు. ఎర్రని కురువిందాన్ని మనం కెంపు అంటాము, నీలిరంగు దానిని నీలం అంటాము. రెండింటికీ చెరొక గ్రహాన్ని, చెరొక ఫలాన్ని, చెరొక ఖరీదును కట్టిపెట్టాము. రసాయనశాస్త్రం దృష్టిలో మాత్రం అవి రెండూ ఒక తల్లి బిడ్డలే.

ఇక్కడ ఉర్దూ మాధ్యమంలో చదువుకొన్న మిత్రులు గర్వించదగిన విషయం ఒకటి కలదు. అరబ్బీ నుంచి ఉర్దూలోకి వచ్చిన యాఖూత్ అనే మాట ఎరుపు, పసుపు, నీలం రంగుల కురువిందాలన్నింటికీ వర్తిస్తుంది. రంగును బట్టి కాక జాతిని బట్టి పేరు పెట్టిన ఈ వివేకం వెనుక పరిశీలన ఉన్నది. పదకొండవ శతాబ్దానికి చెందిన అల్ బిరూనీని మనం భారతదేశాన్ని గురించి గ్రంథం వ్రాసిన పండితునిగానే ఎరుగుదుము. ఆయన రత్నాలను గురించి కితాబ్ అల్ జమాహిర్ అనే గ్రంథం కూడా వ్రాశాడు. రత్నాల సాపేక్ష భారాలను నీటి సాయంతో కొలిచి, నీలి యాఖూత్‌ను నూరుగా తీసుకొని మిగిలిన రాళ్లను దానితో పోల్చాడు. చూపులకు కెంపువలె ఎర్రగా మెరిసే లాల్ అనే రాయి యాఖూత్ కాదని, వేరే జాతి అని గుర్తించాడు. ఆ లాల్‌ను నేటి శాస్త్రం స్పైనెల్ అంటున్నది. కురువిందం నీటికి నాలుగు రెట్లు బరువు. స్పైనెల్ సుమారు 3.6 రెట్లు. కంటిని మోసగించిన రాయి త్రాసును మోసగించలేకపోయింది.

ఇక రంగుల సంగతి. స్వచ్ఛమైన కురువిందానికి రంగే లేదు. దానిలోని ఎలక్ట్రానులు ఎంత బిగువుగా కట్టుబడి ఉన్నవంటే, వాటిని కదిలించడానికి సుమారు తొమ్మిది ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి అవసరం. మన కంటికి కనిపించే కాంతిలో అత్యంత శక్తిమంతమైన ఊదారంగు కిరణానికి సైతం ఉండేది సుమారు మూడు మాత్రమే. అందువల్ల దృశ్యకాంతి అంతా దానిగుండా నిరాటంకంగా సాగిపోతుంది. అతినీలలోహిత ప్రాంతంలో సుమారు 170 నానోమీటర్ల నుంచి పరారుణ ప్రాంతంలో సుమారు 5,000 నానోమీటర్ల వరకు అది కాంతికి త్రోవనిస్తుంది. మామూలు కిటికీ గాజు ఈ రెండు కొసలనూ అందుకోలేదు. అల్యూమినియం పరమాణువుల స్థానంలో ఏ కొద్దిపాటి క్రోమియమో చేరితే అది ఊదా, ఆకుపచ్చ వర్ణాలను మ్రింగి ఎరుపును విడిచిపెడుతుంది, అదే కెంపు. ఇనుము, టైటానియం జంటగా చేరితే ఒకదాని నుంచి మరొకదానికి ఎలక్ట్రాను దుముకుతూ పసుపు, ఎరుపు కాంతులను హరిస్తుంది, అదే నీలం. మనం నవరత్నాలలో రెండుగా లెక్కపెట్టుకొనేవి నిజానికి ఒకే రత్నంలోని రెండు మలినాలు.

కెంపులోని క్రోమియం కాంతిని మ్రింగి ఊరుకోదు. మ్రింగినదానిలో కొంత భాగాన్ని 694.3 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం గల గాఢమైన ఎర్రని కాంతిగా తిరిగి వెలువరిస్తుంది. దీనినే ప్రతిదీప్తి అంటారు. 1960 మే 16న అమెరికాలోని కాలిఫోర్నియాలో, హ్యూస్ పరిశోధనశాలలో థియోడర్ మైమన్ ఈ గుణాన్ని ఆధారం చేసుకొనే ప్రపంచంలోని మొట్టమొదటి లేజరును వెలిగించాడు. అందుకు ఆయన వాడినది గనిలో దొరికిన రత్నం కాదు. కృత్రిమంగా పెంచిన కెంపు కడ్డీ. అల్యూమినా పొడిని మంటగుండా రాల్చి, కరిగిన బిందువులను ఒకదానిపై ఒకటి పేర్చి కెంపును పెంచే పద్ధతిని ఫ్రాన్సు దేశస్థుడు ఆగస్ట్ వెర్నాయి 1902లోనే ప్రకటించి ఉన్నాడు. క్రోమియం స్థానంలో టైటానియం ఒక్కదానినే చేరిస్తే మరొక రకం లేజరు వస్తుందని అమెరికాలోనే పీటర్ మౌల్టన్ 1982లో చూపాడు. దాని కాంతిని సుమారు 650 నుంచి 1,100 నానోమీటర్ల వరకు కోరిన చోటికి జరుపుకోవచ్చును. అనేక పరిశోధనశాలలలో అత్యల్ప వ్యవధి గల కాంతి స్పందనలను పుట్టిస్తున్నది ఆ లేజరే.

ఇంతవరకు చెప్పినది ఏకస్ఫటికం మాట. మరి పొడి తెల్లగా ఎందుకున్నది? కాంతిని మ్రింగే గుణం పదార్థంలోనే లేనప్పుడు ఆ పొడి మన చూపును ఎందుకు అడ్డుకుంటున్నది? ఈ ప్రశ్నకు సమాధానం మన వంటింటిలోనే ఉన్నది. పటికబెల్లం పలుకు తేటగా ఉంటుంది, దంచితే తెల్లబడుతుంది. మంచుగడ్డ తేటగా ఉంటుంది. చిత్రిక పట్టితే తెల్లబడుతుంది. పలుకు ముక్కలైనప్పుడు ప్రతి ముక్కకూ గాలికీ మధ్య ఒక హద్దు ఏర్పడుతుంది. ఆ హద్దు దగ్గర కాంతి కొంత వెనుకకు మరలుతుంది, కొంత వంగుతుంది. ఇట్టి హద్దులు వేలకొద్దీ ఉంటే కాంతి దారి తప్పి అన్ని వైపులకూ చెదిరిపోతుంది. దీనినే పరిక్షేపణం అంటారు. కాగితంపై నూనెచుక్క పడినచోట అక్షరాలు ఆవలి నుంచి కనిపించడం, తడిసిన వస్త్రం పలుచబడినట్లు తోచడం ఇందుకు విలోమ నిదర్శనాలు. పోగుల నడుమనున్న గాలిని నూనెయో నీరో వెళ్లగొట్టింది. హద్దుల తీవ్రత తగ్గింది. కాంతికి త్రోవ దొరికింది.

పింగాణి వస్తువుల మాట కూడా ఇంతే. పొడిని అచ్చులో నొక్కి కొలిమిలో కాల్చినప్పుడు రేణువులు ఒకదానికొకటి అంటుకొని గట్టిపడతాయి. అయినా వాటి మధ్య సూక్ష్మమైన రంధ్రాలు మిగిలిపోతాయి. నూటికి రెండు మూడు వంతుల రంధ్రాలు మిగిలినా చాలు, ఆ బిళ్ళ సుద్దముక్కలా తెల్లబడుతుంది. అందుచేతనే పింగాణి అంటే అపారదర్శకమని శతాబ్దాల తరబడి లోకం నమ్మింది. 1950వ దశకం చివర అమెరికాలోని జనరల్ ఎలక్ట్రిక్ సంస్థ పరిశోధనశాలలో రాబర్ట్ కోబుల్ అనే శాస్త్రజ్ఞుడు ఆ నమ్మకాన్ని పరీక్షకు పెట్టాడు. కొలిమి వేడికి రేణువులు పెరుగుతాయి. పెద్దవి చిన్నవాటిని కలుపుకొంటాయి. ఈ పెరుగుదల మరీ వేగంగా సాగితే రేణువుల సరిహద్దులు రంధ్రాలను దాటుకొని ముందుకు పోతాయి. రేణువు నడిబొడ్డున చిక్కుకొన్న రంధ్రానికి ఇక బయటపడే దారి ఉండదు. సరిహద్దుపైనే ఉండిపోయిన రంధ్రం మాత్రం క్రమంగా పూడిపోగలదు. వెయ్యి గ్రాముల అల్యూమినాకు రెండున్నర గ్రాముల మెగ్నీషియం ఆక్సైడును చేర్చితే ఆ వేగం అదుపులోనికి వచ్చింది. గాలిలో కాక హైడ్రోజన్ వాయువులో కాల్చినందువల్ల రంధ్రాలలో చిక్కిన వాయువు కూడా బయటికి పోగలిగింది. దానితో రంధ్రాలు దాదాపు అంతరించాయి. పింగాణి కాంతికి దారి ఇచ్చింది. ఈ ఆవిష్కరణకు 1962లో పేటెంటు లభించింది.

దీని ప్రయోజనం వెంటనే వీధులకెక్కింది. అధిక పీడనంలో సోడియం ఆవిరిని మండిస్తే బంగారువన్నె కాంతి సమృద్ధిగా వస్తుందని శాస్త్రజ్ఞులకు తెలుసు. అయితే ఆ వేడి సోడియం ఆవిరి గాజునూ, స్ఫటికశిలా గొట్టాలనూ తినివేస్తుంది. సుమారు 1,200 డిగ్రీల వేడిని, సోడియం దాడిని ఏకకాలంలో భరించి, కాంతిని బయటికి పంపగల గొట్టం కావలసివచ్చింది. అల్యూమినా ఆ పనికి పూనుకొన్నది. తనలో పుట్టిన వెలుగులో నూటికి తొంభై వంతులకు పైగా బయటికి పంపింది. 1960వ దశకం మధ్య నుంచి ఈ సోడియం దీపాలు ప్రపంచ నగరాలలో వెలిశాయి. ఒక్కొక్క వాట్టుకు నూరు ల్యూమెనుల వరకు వెలుగునిచ్చే ఈ దీపాల ముందు, పదిహేను ల్యూమెనులకు మించలేని పాత తీగ బల్బులు వెలవెలబోయాయి. మన రహదారులను కూడా దశాబ్దాల పాటు పసుపువన్నె కాంతితో నింపినవి ఈ దీపాలే. వాటి క్రింద పుస్తకం పట్టుకొని చదువుకొన్నవారు మన పట్టణాలలో ఎందరో ఉండి ఉంటారు. ఆ వెలుగు ఏ పదార్థం గుండా వచ్చిందో వారికి ఎవరూ చెప్పలేదు.

ఇక్కడ ఒక సూక్ష్మాన్ని గమనించాలి. దీపపు గొట్టం కాంతిని పంపుతుంది గాని దాని గుండా వస్తువు స్పష్టంగా కనబడదు. అది పారభాసకం, పారదర్శకం కాదు. రంధ్రాలు పోయినా ఈ మసక ఎక్కడిది? కురువింద స్ఫటికం కాంతిని వంచే తీరు దిక్కును బట్టి కొద్దిగా మారుతుంది. ఒక దిక్కున దాని వక్రీభవన గుణకం 1.768 అయితే మరొక దిక్కున 1.760. దీనిని ద్వివక్రీభవనం అంటారు. పింగాణిలో కోట్లాది రేణువులు తలొక దిక్కుకు తిరిగి ఉంటాయి గనుక, ప్రతి సరిహద్దు వద్దా కాంతి రవంత ప్రక్కకు తొలగుతుంది. మూడవ దశాంశ స్థానంలో ఉన్న ఆ తేడాయే చూపును మసకబారుస్తుంది. రేణువులను ఒక మైక్రాన్‌లో సగానికి తగ్గించగలిగితే కాంతి వాటిని అంతగా పట్టించుకోదని 2003లో వెలువడిన పరిశోధనలు నిరూపించాయి. అట్టి పలుచని అల్యూమినా పలక గుండా అక్షరాలు చదవవచ్చును. మన పరీక్షలలో వక్రీభవన గుణకాన్ని రెండు దశాంశాలకు సవరించి వ్రాసేటప్పుడు, మూడవ దశాంశంలో ఒక పరిశ్రమ భవిష్యత్తు దాగి ఉండవచ్చునని ఏ పాఠ్యపుస్తకమూ మనకు చెప్పదు.

కాలం మారింది. మన దేశంలో 2015లో ప్రారంభమైన జాతీయ వీధిదీపాల పథకం తరువాత చాలా పట్టణాలలో సోడియం దీపాలు దిగిపోయి ఎల్.ఇ.డి. దీపాలు ఎక్కాయి. అల్యూమినా పని ముగిసిందని అనుకొంటే పొరపాటు. ఎల్.ఇ.డి.లో నీలి కాంతిని పుట్టించే గాలియం నైట్రైడ్ పొరను పెంచడానికి ఒక ఆధార ఫలకం కావాలి. ఆ ఫలకంగా అత్యధికంగా వాడబడుతున్నది రంగులేని కురువింద స్ఫటికమే. రెండు పదార్థాల స్ఫటిక అమరికలు సరిగా పొసగవు. జపానులోని నగోయా విశ్వవిద్యాలయంలో అకసాకి, అమానో అనే గురుశిష్యులు 1986లో వాటి మధ్య అల్యూమినియం నైట్రైడ్ పలుచని పొరను వేసి ఆ ఇబ్బందిని దాటారు. వీరిద్దరికీ, నకమురా అనే మరొక శాస్త్రజ్ఞునికీ కలిపి 2014లో భౌతికశాస్త్ర నోబెల్ బహుమతి లభించింది. ఆ విధంగా పాత దీపానికి గొట్టమై నిలిచిన పదార్థమే కొత్త దీపానికి పునాది అయినది.

ఇతర ఉపయోగాలను క్లుప్తంగా చెప్పుకుందాం. ఖరీదైన చేతి గడియారాల అద్దాలు, దుకాణాలలో సరుకులపై గీతలను చదివే యంత్రాల కిటికీలు, కొన్ని చరవాణుల కెమెరా మూతలు గీతలు పడకుండా ఉండేందుకు ఈ స్ఫటికంతోనే చేస్తారు. వంకర పళ్లను సరిచేసే దంతవైద్యులు పారభాసక అల్యూమినా బిళ్లలను వాడుతున్నారు. అవి పంటి రంగులో కలిసిపోతాయి. దీనికి పరిమితులూ ఉన్నాయి. ఒక్కొక్క తలం వద్ద నూటికి సుమారు ఎనిమిది వంతుల కాంతిని వెనుకకు మరల్చుతుంది. గాజుకు ఆ నష్టం నాలుగు వంతులే. అందుకని కొన్ని పనులకు దానిపై ప్రత్యేకమైన పూత పూయవలసి ఉంటుంది. శరీరపు వేడిని బొమ్మ కట్టే కెమెరాలు వాడే దీర్ఘ పరారుణ కాంతి దీనిగుండా పోలేదు. కోయడానికి వజ్రపు పొడి కావాలి. ఏ పదార్థమూ సర్వరోగ నివారిణి కాదు. దాని గుణమూ దోషమూ ఎరిగి వాడుకోవడమే విద్య.

ఇంత చెప్పి మా అభిప్రాయానికి వస్తున్నాము. రేవు దాటి పోతున్న పొడికీ, తిరిగి ఓడెక్కి వచ్చే మెరుగు వస్తువుకూ ఖరీదులో ఉన్న వ్యత్యాసం మన్నుది కాదు. ఆ మన్ను గురించి తెలిసినవాని కష్టానిది. శుద్ధి కర్మాగారపు అల్యూమినా దీపపు గొట్టానికి నేరుగా పనికిరాదు. దానిని ఇంకా ఎంతో నిర్మలం చేయాలి, రేణువు పరిమాణాన్ని శాసించాలి, కొలిమి వేడినీ వాయువునూ అదుపు చేయాలి. ఇవన్నీ చేయగలవారు పరిశోధనశాలలలో ఆకాశం నుంచి ఊడిపడరు. బి.యస్‌సి. మొదటి సంవత్సరంలో పొడి తెల్లగా ఎందుకున్నదని అడిగిన విద్యార్థులే కొంతకాలానికి అట్టివారౌతారు. మన వెలితి అక్కడే ఉన్నది. మన విద్యార్థులకు తెలివి తక్కువ కాదు. పాఠానికీ పాఠానికీ మధ్య, తరగతికీ ప్రయోగశాలకూ మధ్య, ఇంటి భాషకూ పుస్తకపు భాషకూ మధ్య మిగిలిపోయిన ఖాళీలలో వారి చూపు చెదిరిపోతున్నది.

ప్రాక్టికల్ రికార్డుల పరిస్థితి అందరికీ తెలిసినదే. ముందు సంవత్సరపు రికార్డును దగ్గర పెట్టుకొని అంకెలను కొంచెం అటూయిటూ మార్చి ఎక్కించడం ఒక ఆచారమైపోయింది. ఫలితం ముందే తెలిసిన ప్రయోగంలో విద్యార్థికి ఉత్సాహం ఎట్లా కలుగుతుంది? ఇల్లలుకగానే పండుగ కాదన్నట్లు, ప్రయోగశాల కట్టినంత మాత్రాన ప్రయోగం జరిగినట్లు కాదు. అందువల్ల మేము కొన్ని సూచనలు చేస్తున్నాము. వీటికి పెద్ద వ్యయం అక్కరలేదు.

మొదటిది. వారానికొక మధ్యాహ్నం భౌతిక, రసాయన శాస్త్ర విభాగాలు రెండూ కలిసి ఒకే పదార్థంపై పనిచేసే ఏర్పాటు కావాలి. కృత్రిమ కెంపులు నగల దుకాణాలలో చవకగా లభిస్తాయి. రాయిని దారంతో కట్టి, గాలిలో ఒకసారి, నీటిలో ఒకసారి త్రాసుపై తూచితే అది కురువిందమో, స్పైనెలో, గాజో తేలిపోతుంది. అల్ బిరూనీ వెయ్యేళ్ల క్రితం నీటి సాయంతో తేల్చిన తారతమ్యం మన త్రాసు మీద ఒక గంటలో పునరావృతమౌతుంది. చీకటి గదిలో ఆ కెంపుపై ఆకుపచ్చని కాంతి టార్చిని ప్రసరింపజేసి, ఎర్రని పారదర్శక కాగితం గుండా చూస్తే రాయి నిప్పుకణికలా వెలుగుతుంది. మైమన్ లేజరుకు మూలమైన ప్రతిదీప్తి అదే.

రెండవది. పగిలిన బీకర్లకు ఏ ప్రయోగశాలలోనూ కొదవ లేదు. బోరోసిలికేట్ గాజు ముక్కలను అధ్యాపకుని పర్యవేక్షణలో జాగ్రత్తగా నూరితే తెల్లని పొడి అవుతుంది. దానిపై గ్లిజరిన్ పోస్తే, రెండింటి వక్రీభవన గుణకాలు సుమారు 1.47 వద్ద దగ్గరగా ఉండడం వల్ల, తెలుపు మాయమై పొడి కంటికి దాదాపు కనబడకుండా పోతుంది. పరిక్షేపణం అంటే ఏమిటో ఆ క్షణంలో తెలిసినంతగా పది పుటలు చదివినా తెలియదు. డిగ్రీ విద్యార్థులు స్పెక్ట్రోమీటరుపై గడియారపు కురువింద అద్దాన్ని నిలిపి బ్రూస్టర్ కోణాన్ని కొలవవచ్చును. మామూలు గాజుకు 56 డిగ్రీల దగ్గర వచ్చే కోణం దీనికి 60 డిగ్రీలు దాటుతుంది. అంగడిలో అసలైన అద్దమని చెప్పి అమ్మినది ఏదో ఆ కోణమే చెబుతుంది.

మూడవది భాషకు సంబంధించినది. ఈ సంచికలో ఉర్దూ, తెలుగు పుటలు ప్రక్కప్రక్కనే అచ్చవుతాయి. ప్రయోగశాల గోడమీద మాత్రం ఈ రెండు భాషలలో ఏదీ కనబడదు. పరావర్తనాన్ని ఉర్దూలో ఇన్‌ఇకాస్ అంటారు, వక్రీభవనాన్ని ఇన్‌ఇతాఫ్ అంటారు. పారదర్శకం షఫ్ఫాఫ్, పారభాసకం నీమ్ షఫ్ఫాఫ్. 1917లో అనువాద విభాగం ఏర్పడి, 1918లో స్థాపితమైన ఉస్మానియా విశ్వవిద్యాలయంలో ఉన్నత శాస్త్రాలు ఉర్దూలో బోధింపబడ్డాయి. 1968లో ఏర్పడిన తెలుగు అకాడమీ తెలుగులో శాస్త్ర గ్రంథాలను వెలువరించింది. రెండు భాషలలోనూ మాటలు సిద్ధంగా ఉండగా మనం ఇంగ్లీషు మాటను అర్థం తెలియకుండా బట్టీ పట్టడం దేనికి? రెండు విభాగాల విద్యార్థులు కలిసి ఒక సంవత్సరంలో రెండు వందల పదాల పట్టికను తయారుచేసి గోడకు తగిలించవలెనని కోరుతున్నాము. ఇంగ్లీషును విడిచిపెట్టమని మేము అనడం లేదు. ఇంటి భాషలో అర్థమైన విషయాన్ని ఆ భాషలో చెప్పడం తరువాత ఎంతో సులువవుతుందని మాత్రమే మా వాదన.

నాలుగవది. హైదరాబాదు బాలాపూర్‌లోని ఏ.ఆర్.సి.ఐ. అనే కేంద్రప్రభుత్వ పరిశోధన సంస్థలో పారదర్శక పింగాణులపై, ముఖ్యంగా స్పైనెల్‌పై, పరిశోధన జరుగుతున్నది. పూర్వం వారు లాల్ అన్న రాతిని అక్కడ పొడి నుంచి పలకగా చేస్తున్నారు. విహారయాత్ర పేరిట ఏటా జరిగే ప్రయాణాలలో ఒక్క రోజును, అనుమతి పొంది, అట్టి సంస్థల సందర్శనకు కేటాయించితే ఎందరి జీవితాలు మలుపు తిరుగుతాయో ఎవరు చెప్పగలరు?

పాఠ్యప్రణాళిక విశ్వవిద్యాలయం చేతిలో ఉన్నదని, కాలవ్యవధి చాలదని, పరీక్షలలో ఇవి అడగరని కొందరు పెద్దలు అనవచ్చును. ఆ మాటలలో సత్యం లేకపోలేదు. నెలకు ఇంతని ఫీజు కట్టడానికే సతమతమయ్యే కుటుంబాల పిల్లలు ముందు పరీక్ష గట్టెక్కాలి. ఆ సంగతిని మేము మరువలేదు. అయితే పైన చెప్పిన ప్రయోగాలలో సాంద్రత, వక్రీభవనం, ధ్రువణం, ప్రతిదీప్తి ఉన్నాయి. ఇవన్నీ పాఠ్యప్రణాళికలో ఉన్నవే. కొత్త అధ్యాయాన్ని చేర్చమని మేము కోరడం లేదు. ఉన్న అధ్యాయాలను ఒక రాయి చుట్టూ కూర్చమని కోరుతున్నాము. ఖర్చు కూడా నాలుగు కృత్రిమ కెంపులు, ఒక టార్చి, ఒక సీసా గ్లిజరిన్, ఒక పాత గడియారపు అద్దం. వార్షికోత్సవం నాటి రంగుకాగితాల ఖర్చులో కొంత తగ్గించుకొన్నా సరిపోతుంది.

అల్యూమినాను కోబుల్ మరొక పదార్థంగా మార్చలేదు. దానిలోని వెలితులను మాత్రమే పూడ్చాడు. వేడి ఇచ్చి, తొందరను అదుపులో పెట్టి, చిక్కుకొన్న గాలికి బయటపడే దారి చూపాడు. మన విద్యార్థులకు కావలసినది కూడా దాదాపు అంతే. వచ్చే విద్యాసంవత్సరం ఆరంభంలోనే ఈ వారాంతపు ప్రయోగ తరగతిని ప్రారంభించవలసిందని పాలకవర్గం వారిని సవినయంగా కోరుతున్నాము. విద్యార్థి మిత్రులు అంతవరకు వేచి ఉండనక్కరలేదు. ఈ సాయంత్రమే ఇంట పటికబెల్లం పలుకును దంచి, ఆ తెలుపు ఎక్కడి నుంచి వచ్చిందని తమ్ములనూ చెల్లెళ్లనూ అడగండి. వారు ఏమి చెబుతారో వ్రాసుకొని వస్తే, రాబోయే సంచికలో ఉర్దూ, తెలుగు పుటలు రెండింటిలోనూ ప్రచురించడానికి మేము సిద్ధంగా ఉన్నాము.